విస్తళ్లెత్తేది ఎవరు?

ఏవండీ, భోజనాలయ్యాయా? అయితే ఆ పీట ఇటు లాక్కుని కూర్చోండి. తొందరేముంది, కుళాయి నీళ్లొచ్చేది సాయంత్రం కదా. మధ్యాహ్నం పడుకుంటే రాత్రి నిద్ర పట్టదని మీరే అంటుంటారు. మీ రాత్రి నిద్ర కాపాడదామనే పిలిచాను.

మా చర్చిలో ప్రేమవిందు పెట్టినప్పుడల్లా నేనొక వింత చూస్తుంటాను. ప్రేమవిందంటే మీకు తెలుసుగా, ఆరాధన అయ్యాక అందరం బంతుల్లో కూర్చుని కలిసి తింటాం. అన్నం, పప్పు, వంకాయ కూర, చందాలు బాగా వస్తే కోడికూర. ఆ రోజు గరిటె కోసం జరిగే పోటీ చూడాలి మీరు! సంఘపెద్దలకి గరిటె కావాలి. యూత్ కుర్రాళ్లకి గరిటె కావాలి. కోడికూర బకెట్ పట్టుకున్నాయనకైతే ఆ పూటకి పాస్టరుగారి కంటే పలుకుబడి ఎక్కువ. ఎవరికి కండ పడాలి, ఎవరికి ఎముక పడాలి, అంతా ఆయన దయ. సరే, బంతి లేచింది. అప్పుడు చూడండి తమాషా. ఒకాయనకి ఫోనొస్తుంది. ఇంకొకాయనకి నడుము పట్టేస్తుంది. విస్తళ్లెత్తే వేళకి గరిటెలు తిప్పినవాళ్లు ఒక్కరూ కనబడరు. ఎప్పుడూ ఎత్తే ఆ నలుగురు ఆడవాళ్లే ఎత్తుకుంటారు.

పిల్లలకి సేవ నేర్పడం ఎలాగని ఎవరైనా అడిగితే నేను ఆ విస్తళ్ల దగ్గరే మొదలెడతాను. వడ్డన ఎవరూ నేర్పక్కర్లేదండీ. పదిమంది చూస్తారు, పేరొస్తుంది, చేతికి మసాలా వాసన కూడా వస్తుంది. నేర్పాల్సింది ఆ తర్వాత మిగిలే పని.

మా సండే స్కూల్లో ఒక పిల్లవాడున్నాడు. కంఠత వాక్యాల్లో వాడికి తిరుగులేదు. అధ్యాయం, వచనం నంబరుతో సహా గడగడా అప్పజెప్పేస్తాడు. ఏటా ప్రైజు వాడిదే. టిఫిన్ డబ్బాలు, జామెట్రీ బాక్సులు, నీళ్ల సీసాలు, వాళ్లింట్లో ఓ షాపు పెట్టుకోవచ్చు. క్రిస్మస్ ప్రోగ్రాంలో పొరుగువాళ్లని ప్రేమించాలన్న వాక్యం మైకులో ఖంగున చెప్పాడు. చప్పట్లు మోగాయి. స్టేజీ దిగాడు. దిగి, బిస్కెట్ పొట్లాలు పంచేచోట పొరుగున నిలబడ్డ సొంత చెల్లెల్ని ఒక్క తోపు తోసి ముందుకెళ్లాడు. వాళ్లమ్మ తల దించుకుంది. నాకు మాత్రం నవ్వాగలేదు. వాడి తప్పేముంది చెప్పండి? మనం వాడికి వాక్యం ఇచ్చాం, పని ఇవ్వలేదు. ఈ పిల్లవాణ్ణి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

నవ్వుతున్నారు గానీ, సండే స్కూలు పుట్టిందే సేవకోసమని మీకు తెలుసా? ఇంగ్లండులో గ్లాస్టర్ అనే ఊళ్లో రాబర్ట్ రెయిక్స్ అని ఒకాయన ఉండేవాడు. పత్రిక నడిపేవాడు. ఆ ఊళ్లో గుండుసూదులు తయారుచేసే కార్ఖానాలుండేవి. వాటిల్లో చిన్నపిల్లలు వారంలో ఆరు రోజులు పనిచేసి, ఆదివారం ఒక్కరోజు వీధుల్లో పడి అల్లరి చేసేవాళ్లు. బడికి వెళ్దామంటే మిగిలింది ఆ ఒక్క రోజే. అందుకని 1780లో ఈయన ఆదివారప్పూట బడి పెట్టించాడు. చదవడం నేర్పించేవాళ్లు, దాంతోపాటు బైబిలు. మంచి బట్టలు లేవని ఎవరూ ఆగిపోవద్దు, మొహం, చేతులు కడుక్కుని తల దువ్వుకుని వస్తే చాలన్నాడట. ఇప్పుడు మనం ఆదివారం పొద్దున పిల్లల్ని ఇస్త్రీ ఫ్రాకుల్లో, మెరుపు చెప్పుల్లో దింపి వస్తున్నామే, ఆ బడి మొదట్లో కూలిపిల్లల కోసం పెట్టింది. ఫ్రాకు నలుగుతుందని పిల్లని చాప మీద కూడా కూర్చోనివ్వని తల్లులున్నారు మాకు. మీకు తెలిసినావిడే ఒకరు. పేరు చెప్పను, ఆవిడ మేడ మీద బట్టలారేస్తోంది.

ఎక్కడున్నాను? ఆ, పిల్లల దగ్గర. పిల్లలకి సేవ గురించి కథ చెబితే వాళ్లడిగే ప్రశ్నలు మనకి తట్టవండీ. అయిదు రొట్టెలు, రెండు చేపల కథ మీరు వినే ఉంటారు. వేలమంది జనం ఆకలితో ఉంటే ఒక చిన్నపిల్లవాడి దగ్గరున్న భోజనంతో యేసు అందరికీ పెట్టిన కథ. నాలుగు సువార్తల్లోనూ ఉంది గానీ, ఆ భోజనం ఒక పిల్లవాడిదని చెప్పింది మాత్రం యోహాను ఒక్కడే. పిల్లవాడి పేరు ఆయనా చెప్పలేదు. ఒకసారి ఈ కథ చెబుతుంటే ఒక బుడ్డిది చెయ్యెత్తి, "మరి ఇంటికెళ్లాక వాళ్లమ్మ తిట్టలేదా టీచర్?" అంది. డబ్బా ఎవరికో ఇచ్చేసి వచ్చినందుకు దానికి ఇంట్లో ఏం జరిగిందో పాపం! ఇంకొకడు, "ఆ అబ్బాయికి కూడా మిగిలిందా?" అన్నాడు. మిగిలిందిరా నాయనా, అందరూ కడుపునిండా తిన్నారు. తిన్నాక ఏం జరిగిందో చూడండి. ముక్కలేవీ పాడుకాకుండా పోగుచెయ్యమన్నాడు యేసు. పన్నెండు గంపలు నిండాయి. అంటే అంత అద్భుతం జరిగాక కూడా శిష్యులు వంగి వంగి ఎత్తాల్సి వచ్చిందన్నమాట. ఈ సంగతి మా కోడికూర బకెట్ ఆయనకి ఎవరు చెబుతారు?

మా అమ్మమ్మ ఇవేవీ పాఠంగా చెప్పేది కాదు. బియ్యం కొలిచి చేటలో పోశాక, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న కుండలో వేసేది. పూట పూటకీ అంతే. ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళ్లేవి. అక్కణ్ణించి పాస్టరుగారింటికో, సంఘంలో ఇబ్బందిగా ఉన్నవాళ్లకో. మన దగ్గర చాలా ఊళ్లలో ఉండేది ఈ అలవాటు, కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది. మిజోరంలోనైతే 1910 నుంచీ చర్చివాళ్లు దీన్ని వదలకుండా సాగిస్తున్నారు. వాళ్ల భాషలో బుహ్‌ఫై థామ్ అంటారట. ఇంటింటా వంటకి ముందు పిడికెడు తీస్తారు, ఆడవాళ్లు పోగుచేసుకొచ్చి అమ్మి సంఘానికిస్తారు. అలా అక్కడ చర్చి తన కాళ్ల మీద తను నిలబడింది.

నాకు నచ్చేదేమిటంటే, ఆ పిడికెడు తీసే పని అమ్మమ్మ మాకు వదిలేసేది. మా పిడికిలి ఎంత? నాలుగు గింజలు కింద, నాలుగు గింజలు కుండలో. అయినా ఆవిడ పూరించేది కాదు. ఇప్పుడు మనం ఏం చేస్తున్నామండీ? చర్చి గుమ్మంలో పిల్ల చేతిలో పది రూపాయలు పెట్టి, "కానుక వెయ్యమ్మా" అంటాం. అది వేస్తుంది. దానిదేం పోయింది? మన చేతిలోంచి సంచిలోకి వెళ్లే నోటుకి అది దారి, అంతే. వాళ్ల ఐస్‌క్రీం డబ్బుల్లోంచి రెండు రూపాయలు తీస్తే తెలుస్తుంది, ఇవ్వడమంటే ఎక్కడ చురుక్కుమంటుందో. మా కోతపండుగలో వేలంపాట జరుగుతుంది, చూశారా ఎప్పుడైనా? గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, అన్నీ తెస్తారు. ఒకేడు ఒక పిల్ల తన పెంపుడు కోడి పెట్టిన గుడ్డు రుమాల్లో చుట్టి తెచ్చింది. పాటలో అది డజను గుడ్ల ధర దాటింది. పాడుకున్నాయన మళ్లీ చర్చికే ఇచ్చేశాడు, రెండోసారి పాటపెట్టారు. ఆ గుడ్డు ఎన్ని చేతులు మారితే ఆ పిల్ల మొహం అంత వెలిగింది. చివరికి పాడుకున్నాయన కొడుకు కింద పడేశాడనుకోండి, అది వేరే సంగతి.

ఇక పాత బట్టల విషయానికొద్దాం. మీరు అటు చూడకండి, మీ అటక మీద మూటల సంగతి నాకు తెలుసు. బట్టలు పంచుదామని మేం పిల్లలతో పోగుచేయించాం. వచ్చినవాటిలో గుండీల్లేని చొక్కాలు, జిప్పు పోయిన ప్యాంట్లు, ఒకచోట కాలిన పరికిణీ. ఎవరో ఒంటి సాక్స్ ఇచ్చారు. ఒంటిదండీ! రెండోది ఇంకా వాడుతున్నారేమో. అప్పుడు మా టీచరమ్మ ఏం చేసిందంటే, మూటల్ని అలాగే పంపకుండా పెద్దపిల్లల చేత సూదీదారం పట్టించింది. ముందు గుండీ కుట్టు, తర్వాత ఉతుకు, తర్వాత ఇస్త్రీ, అప్పుడు ఇవ్వడం. మగపిల్లలు కూడా కుట్టాల్సిందే. నీకు పుట్టినరోజుకి ఎవరైనా ఇస్తే వేసుకుంటావా అని అడగడం, వేసుకోనంటే ఆ చొక్కా పక్కన పెట్టేయడం. దొర్కా కథ చెప్పింది ఆ రోజు. యొప్పే పట్నంలో తబితా, దొర్కా అని రెండు పేర్లున్న శిష్యురాలు విధవరాళ్లకి అంగీలు, వస్త్రాలు కుట్టిచ్చేది. ఆమె చనిపోయినప్పుడు వాళ్లంతా యేసు శిష్యుడు పేతురు చుట్టూ చేరి ఆ బట్టలు చూపిస్తూ ఏడ్చారట. చూపించుకునేలా కుట్టింది చూశారా ఆవిడ!

రూతు కథ మీకింకా నచ్చుతుంది, మీ అమ్మగారిది పల్లెటూరే కదా. పొలం కోసినప్పుడు అంచులు పూర్తిగా కొయ్యకుండా, రాలినవి ఏరకుండా బీదవాళ్లకీ పరదేశులకీ వదలాలని యూదుల ధర్మశాస్త్రంలో రాసి ఉంది. పరాయి దేశం నుంచొచ్చిన రూతు అలా పరిగె ఏరుకోవడానికి బోయజు పొలానికి వెళ్లింది. బోయజు తన పనివాళ్లతో ఏమన్నాడో తెలుసా? కావాలనే కొన్ని పరకలు జారవిడవండి, ఆమెని ఏమీ అనకండి అన్నాడు. ఇచ్చినట్టు కనబడకుండా ఇచ్చాడు. తన కష్టంతో ఏరుకున్నానన్న గౌరవం ఆమెకి మిగిలింది. పిల్లలకి ఇది చెబితే భలే పట్టుకుంటారు. పక్కన కూర్చునేవాడికి పెన్సిల్ లేకపోతే, లేదా అని గట్టిగా అరవకుండా, వాడి వైపు ఒకటి దొర్లించే పిల్లల్ని చూశాను నేను.

మన ఒంగోలు సంగతీ అంతే. 1876లో మొదలైన పెద్ద కరువులో అక్కడున్న మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకి పని చూపించి కూలి ఇప్పించాడు. అంతకంటే గొప్పది ఇంకోటి. ఆ కరువు సహాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మం అడిగినవాళ్లకి ఇవ్వనన్నాడు. తిండి కోసం వచ్చినవాళ్లెవరో, నమ్మి వచ్చినవాళ్లెవరో తేలాలన్నాడు. ఆ రోజులు గడిచాకనే, 1878 జూలైలో గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఆ అంకె అందరూ చెప్పుకుంటారు. దానికి ముందు కాదన్న రోజుల గురించి ఎవరూ చెప్పుకోరు. నేనైతే పిల్లలకి అదే చెబుతాను. అన్నం పెట్టి నా మాట వినమనకూడదు.

మన గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి తెలియనిదెవరికి? ఆ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి వచ్చింది. చదివింది వైద్యం. పంపినవాళ్లేమో, మాకు వైద్యం పని పెట్టే ఉద్దేశం లేదు, ఆడవాళ్లకి బోధించే పని చూసుకో అని పంపారు. ఆవిడ సరేనంది, మందులూ పనిముట్లూ కూడా తెచ్చుకుంది! అదీ తెలివంటే. 1898లో ఆసుపత్రి తెరిచారు. సెలవుల మీద వెళ్లినా మళ్లీ ఇక్కడికే వచ్చి, 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూసింది. ఏదో ఒకసారి చూసిపోదామని వచ్చిన మనిషి కాదు.

మనమేమో ఒకసారి చేసి వదిలేస్తాం, అదండీ నా బాధ. దెబ్బలు తిని దారిలో పడున్నవాణ్ణి ఒక బాటసారి ఆదుకున్న మంచి సమరయుడి కథ చెప్పినప్పుడు అందరం గాయాలు కట్టడం దగ్గర ఆగిపోతాం. నూనె, ద్రాక్షారసం పోశాడు, గాడిద మీద ఎక్కించాడు, అయిపోయింది. నాటకం వేసినప్పుడు కూడా అక్కడే తెర పడుతుంది. అసలు కథ అవతల ఉంది. సత్రంలో ఆ రాత్రంతా చూసుకుని, తెల్లారాక సత్రం యజమానికి రెండు దేనారాలిచ్చాడు. ఒక దేనారమంటే అప్పట్లో ఒకరోజు కూలి. ఇంకా ఖర్చయితే పెట్టు, నేను తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. తిరిగొస్తానన్నాడు! దారిన పడున్నవాణ్ణి ఒకసారి లేపడం జాలి. మళ్లీ వచ్చి ఎలా ఉన్నాడని అడగడం సేవ. ఇంతే నేను చెప్పేది, ఇంతసేపూ దీనికే తిరుగుతున్నా.

ఇప్పుడు మన వాక్యాల పిల్లవాడి దగ్గరికొద్దాం. వాడికి మా టీచరమ్మ ఒక పని అప్పజెప్పింది. చర్చి బయట విడిచిన చెప్పులు జతలు జతలుగా సర్దడం. మొదట మొహం ముడుచుకున్నాడు. నెల తిరిగేసరికి చెప్పుల్ని బట్టి మనుషుల్ని చెప్పడం మొదలెట్టాడు. ఎవరి మడమ అరిగిందో, ఎవరు కోడలి చెప్పులేసుకొచ్చారో, అన్నీ తెలుసు. నాకే ఇన్ని తెలీవు, అసూయగా ఉంది! ఒక ఆదివారం వచ్చి, "నీలం తాడుతో కట్టిన హవాయి చెప్పులు ఈవారం కూడా రాలేదు టీచర్" అన్నాడు. ఎవరివని ఆరా తీస్తే, మిర్చి యార్డులో బస్తాలు మోసి మోసి మానేసిన ఒక తాతవి. జారిపడి మంచం మీదున్నాడు. వెనక వరసలో కూర్చుని ముందే వెళ్లిపోయే మనిషి, ఎవరమూ గమనించలేదు. తొంభై తొమ్మిది గొర్రెలుండగా ఒకటి తప్పిందని కాపరికి ఎలా తెలిసింది? రోజూ లెక్కపెట్టుకుంటాడు కాబట్టే కదా.

సరే, అందరం కట్టగట్టుకుని వెళ్లాం. పాట పాడాం, ప్రార్థన చేశాం, హార్లిక్స్ సీసా ఇచ్చాం. ఫొటో తీసుకున్నాం. మా యూత్ సెక్రటరీ తాత చేతిలో సీసాని ఇటు తిప్పండి, అటు తిప్పండి అని పేరు కనబడేలా నాలుగుసార్లు తీశాడు. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్నారు గానీ, సాయంత్రానికి గుంటూరులో ఉన్న ఎడమచేతులన్నిటికీ తెలిసిపోయింది, వాట్సాప్ స్టేటస్‌లో.

పై వారం వెళ్లింది మాత్రం ఆ పిల్లవాడూ వాళ్ల నాన్నా. ఏం చెయ్యాలో తెలీక పేపరు చదివి వినిపించాడట. తాతకి దేశవార్తలు అక్కర్లేదు, మిర్చి ధర చదవమన్నాడు. తేజ అంటే ఏమిటో, తాలు అంటే ఏమిటో వీడికి తెలీదు. తాత మంచం మీంచే క్లాసు పీకాడు. వెళ్లేటప్పుడు వేరుశనగ అచ్చు ఇస్తే, వీడు తీసుకోలేదు. సేవ చేసినప్పుడు ఏమీ తీసుకోకూడదని టీచర్ చెప్పిందట. తాతకి కోపమొచ్చి అటు తిరిగి పడుకున్నాడు! అప్పుడు టీచరమ్మ వీణ్ణి కూర్చోబెట్టి పేతురు సంగతి చెప్పింది. యేసు శిష్యుల కాళ్లు కడగబోతే వద్దని పట్టుబట్టినవాడు పేతురే. కడిగించుకోవడం కూడా రావాలి మనిషికి. ఎప్పుడూ మన చెయ్యే పైనుండాలంటే అవతలివాడు ఎప్పుడూ కిందే ఉండాలి కదా. మూడోవారం వాడు అచ్చు తినొచ్చాడు. మూతి తుడుచుకోలేదు, అందుకే తెలిసింది.

మీ పిల్లలకి ఏం పని ఇవ్వాలని ఆలోచించకండి పెద్దగా. చిన్నవాళ్లయితే బియ్యంలో పిడికెడు. ఏడెనిమిదేళ్లొస్తే చాపలు పరచడం, మడవడం. పరిచినవాళ్లే మడవాలి, అది షరతు. పదేళ్లు దాటితే ఒక ముసలివాళ్లింటికి పేపరు. ఇంకా పెద్దవాళ్లయితే చిన్నపిల్లలకి ఎక్కాలు చెప్పమనండి. పని చిన్నదైనా ఫర్వాలేదు, పేరు రాసిపెట్టినట్టు అది వాళ్లదే అయుండాలి. వాళ్లు రాకపోతే ఆ పని ఆగిపోవాలి. ఎక్కడికీ ఒంటరిగా మాత్రం పంపకండి, పక్కన మీరో మీవారో ఉండాలి. మీవారికి టీవీ ముందు నుంచి లేవడానికి అదొక వంక.

ఈ శనివారం మేం తాతగారింటికి వెళ్తున్నాం. మీ పాపని తీసుకుని రండి. మీరు గుడికెళ్లేవాళ్లని మొహమాటపడక్కర్లేదు, ఆయన దాన్ని వాక్యం అప్పజెప్పమనడు, మిర్చి ధర అడుగుతాడు. ధర చూసుకుని రమ్మనండి. ఒక్కమాట ముందే చెబుతున్నా, పై శనివారం కూడా రావాలి. మొదటి వారం నేను హాజరు వెయ్యను.